ఒంటికన్ను ప్రార్థన

జీవరత్నమ్మ గురించి కాశీబుగ్గలో చెప్పుకునే కథ ఒకటుంది. ఆమె పెళ్ళినాడు విందుకి జనమంతా బంతుల్లో కూచున్నారట. ఆకుల్లో అన్నం పడింది, కోడికూర పడింది. పాస్టరుగారు ప్రార్థనకి లేవబోతే పెళ్ళికూతురు ముసుగు వెనక్కి తోసి, "మీరు కూకోండయ్యగారూ, నాను సేత్తాను" అందట. అంతే, మొదలెట్టింది. కూర మీద నూనె గడ్డకట్టింది. టెక్కలి వెళ్ళే ఆఖరి బస్సు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి వెళ్ళిపోయింది. డొంకూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు పక్కన అతని మేనమామ ఆకలికి ఆగలేక, కళ్ళు మూసుకునే అరటిపండు ఒలుచుకున్నాడట. పెళ్ళికూతురు మాత్రం ఒక కన్ను తెరుచుకునే ఉంది, తనకంటే ముందు ఎవడు ముద్ద నోట్లో పెడతాడో పట్టుకుందామని. ఆమేన్ అనేసరికి ఆకుల చుట్టూ చీమలు కూడా బంతి కట్టాయట. ఆ రోజు సరిగ్గా తిననివాళ్ళు అప్పటినుంచీ ఈ కథ చెప్పుకునే కడుపు నింపుకుంటున్నారు.

జీవరత్నమ్మ లక్షణమంతా ఆ కథలోనే ఉంది. ప్రార్థన మొదలెడితే ఆపదు. ప్రార్థనలో రెండు కళ్ళూ మూయదు. ఎడమ కన్ను భక్తిగా మూసుకుంటుంది. కుడి కన్ను మాత్రం సంతలో బేరానికి నిలబడ్డదానిలా తెరుచుకునే ఉంటుంది.

అలాంటి మనిషి చేతుల్లో పసిపిల్లల బడి ఉంది. బాప్టిస్టు చర్చి వెనక పెంకుటిల్లు. గుమ్మం మీద 'చిన్నమంద శిశువిహారం' అని బోర్డు. బోర్డు మీది గొర్రెపిల్ల ఒకప్పుడు తెల్లగా ఉండేదట, జీడి బట్టీల పొగకి ఇప్పుడు మేకలా తయారైంది. కింద 'ఉదయం ఎనిమిదికి తెరుచును, సాయంత్రం ఐదుకి మూయును' అని రాసి ఉంటుంది. తెరవడం వరకూ నిజమే.

బడికి జీవరత్నమ్మ టీచరమ్మ, ఆయా, వంటమనిషి. ఆమె భర్త ఫిలిప్పు గంట కొడతాడు, మొక్కలకి నీళ్ళు పోస్తాడు, ఒక మేకని పెంచుతాడు. అతను మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. ఆ ఇంటికి దక్కిన మాటలన్నీ భార్యే వాడేస్తుందని ఊళ్ళో అనుకుంటారు.

ఆ బడిలో నాలుగేళ్ళ కొడుకు శ్రీకర్‌ని వదిలి గౌరి జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. జీడిపప్పు మీద పొట్టు తీసే పని. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయినప్పటినుంచీ ఆమె నలుగురిలో నోరు విప్పడం కూడా ఆపేసింది. నోరు చెయ్యని పని కళ్ళు చేస్తాయి. ఎవరి చీర ఎన్నిసార్లు తిప్పి కట్టారో, ఎవరి నవ్వు ఎంతవరకూ నిజమో అన్నీ చూస్తుంది, అన్నిటికీ లోపల ఒక మాట అనుకుంటుంది. ఆ మాటలు పైకి వస్తే కాశీబుగ్గలో సగంమంది ఆమెతో పలకరు.

శ్రీకర్ అంతకుముందు పక్కవీధి రత్నాలమ్మ దగ్గర ఉండేవాడు. రత్నాలమ్మకి టీవీ సీరియల్ వేళకి పిల్లల్ని గుమ్మంలో కూచోబెట్టి తలుపు వేసుకునే అలవాటు. ఒక్కొక్క తల్లీ వచ్చి తన పిల్లని తీసుకుపోతే చివరికి మెట్టు మీద శ్రీకర్ ఒక్కడే మిగిలేవాడు. గౌరి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుని ఉండేవాడు. అక్కణ్ణుంచీ పొద్దున్న లేస్తే ఒకటే ప్రశ్న. "అమ్మా, సాయంత్రం వత్తావా, రావా." మొగుడు లారీ మీద ఒడిశా రోడ్లు పట్టుకు తిరుగుతుంటాడు, ఇంట్లో వేరే దిక్కు లేదు. ఆ ప్రశ్న వింటూ పనికి పోవడం కంటే పని మానుకోవడమే మేలనిపించేది. మానుకుంటే తిండెలా అనీ అనిపించేది.

చిన్నమందలో చేరాక వాడు ఆ ప్రశ్న అడగడం మానేశాడు. అక్కడి ఉప్మా బావుంటుంది కాబోలని గౌరి అనుకుంది. ఒకసారి రుచి చూసింది. కారణం ఉప్మా కాదని తేలింది.

ఇక సాయంత్రం ప్రార్థన. ఐదు కొట్టగానే పిల్లలు వరండాలో వరసగా నిలబడతారు. తల్లులు చెప్పులు విప్పి వాకిట్లో నిలబడతారు. జీవరత్నమ్మ ఎడమ కన్ను మూస్తుంది.

"కృపగల తండ్రీ, ఈ దినమంతయు ఈ చిన్నవారిని నీ నీడలో దాచితివి, ఒరే విజయ్, ఆడి సెవి ఒగ్గీ, దాచినందుకు వందనములు చెల్లించుచున్నాము. వీరిని నడిపించే తల్లులను బలపరచుము, జెన్నీ, సెప్పు నోట్ల పెట్టకే, బలపరచుము తండ్రీ."

ఆమెకి దేవుడితో ఒక భాష, పిల్లలతో ఒక భాష. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. ఏది ఎవరికో తేల్చుకోవడం దేవుడి పని.

ప్రార్థన అయ్యేదాకా నిలబడే ఈ బాధ అందరికంటే ఎక్కువ పడేది మంగాదేవి. మండలాఫీసులో గుమాస్తా, స్కూటరు మీద తిరుగుతుంది, టైము అంటే ప్రాణం. కూతురు అపర్ణని మొదట హైవే పక్కనున్న ఏసీ బడిలో వేసింది. ఐదు దాటగానే పిల్లని తీసుకెళ్ళి వాచ్‌మేన్ కుర్చీ పక్కన కూచోబెట్టారని అలిగి ఇక్కడికి మార్చింది. ఇక్కడేమో ఐదు దాటినా పంపడం లేదని అలిగింది.

"నువ్వు చూళ్ళేదు గానీ గౌరీ, నిన్న మునిసిపాలిటీ కుళాయి కోసం ప్రార్థన చేసింది" అంది ఒకరోజు దారిలో స్కూటరు ఆపి. "కుళాయి అయ్యాక పైపు. పైపు అయ్యాక దాన్ని వేసిన కాంట్రాక్టరు. కాంట్రాక్టరు అయ్యాక ఆయన షుగరు. నాకు తెలీక అడుగుతాను, దేవుడికి సాయంత్రంపూట వేరే పనుండదా."

"నాకేటి తెలుసక్కా."

"మొన్న ఉద్దానం కొబ్బరిచెట్లు. ఊరూరా పేరు పెట్టి పిలిచింది. తుపానుకి పడిపోయినవాటిని కూడా వదల్లేదు."

మేక సంగతి కూడా గౌరి మంగాదేవి నోటే విన్నది. ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో, "ప్రభువా, తనది కానిదానిని నములుచున్న ఈ మూగజీవిని క్షమించుము" అంది జీవరత్నమ్మ. ఎంత లోతైన మాట అని మంగాదేవి కూడా మనస్ఫూర్తిగా తలూపింది. కాసేపటికి, "పట్టీ అయిపోయినది ప్రభువా, ఇప్పుడు జిప్పు దగ్గరికి వచ్చియున్నది" అని వినబడింది. మంగాదేవి అప్పుడు కళ్ళు తెరిచింది. ఆమె ఆఫీసు సంచి సగం ఫిలిప్పు మేక నోట్లో ఉంది.

"చూస్తూ ఊరుకున్నారేంటండీ" అని ఆమె నిలదీస్తే, "ప్రార్థనల ఉండగా కదలకూడదమ్మా, సెప్పినాను కదా" అందట జీవరత్నమ్మ.

పోనీ, అంత భక్తి ఉన్న మనిషేమో అనుకుందామంటే అదీ లేదు. శ్రీకర్‌కి జ్వరం తగ్గాక ఒకరోజు గౌరి వాణ్ణి మధ్యాహ్నం దిగబెట్టడానికి వెళ్ళింది. పిల్లలు కంచాల ముందు కూచున్నారు. జీవరత్నమ్మ చేతులు జోడించింది. ఈ ప్రార్థన అయ్యి కొడుకు అన్నం తినేసరికి తను పనికి వెళ్ళినట్టే అనుకుని గౌరి గోడకి జేరబడింది. "ప్రభువా, అన్నం సల్లారిపోతంది, ఆమేన్" అంది జీవరత్నమ్మ. గౌరి జేరబడడం పూర్తికాకముందే ప్రార్థన పూర్తయింది. అంటే కడుపు తనదైతే దేవుడితో ముక్తసరిగా మాట్లాడుతుంది. కాళ్ళు ఎదుటివాళ్ళవైతే కాంట్రాక్టరు షుగరు దాకా వెళ్తుంది. ఇదీ ఈవిడ భక్తి అని గౌరి లోపల ఒక మాట అనేసుకుంది.

కాని గౌరి అసలు దుఃఖం ప్రార్థన పొడుగని కాదు. తనకి ప్రార్థనే దక్కడం లేదని.

ఫ్యాక్టరీలో సాయంత్రం పని ఆపాక ఎవరు తీసిన పప్పు వాళ్ళు తూకం వేయించుకుని వెళ్ళాలి. తూకానికి పాతవాళ్ళు ముందు, కొత్తవాళ్ళు వెనక. గౌరి తర్వాత ఎవరూ కొత్తగా చేరలేదు కనక వరసలో ఆఖరు ఎప్పుడూ గౌరే. కాటా దగ్గర బాలకృష్ణ అనే పెద్దమనిషి ఉంటాడు. పళ్ళెం తుడుస్తాడు, పప్పు పోస్తాడు, అంకె నిలకడగా నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు, ఊపిరి వదిలాక అంకె కదిలిందేమోనని మళ్ళీ చూస్తాడు. అది అయ్యాక గౌరి పరుగు. రైలుగేటు పడిందంటే దాని ముందు నిలబడి గూడ్సుబండిని పెట్టె పెట్టెకీ తిట్టుకోవడం. మళ్ళీ పరుగు.

సందు మలుపు తిరిగేసరికి జీవరత్నమ్మ గొంతు వినబడుతూ ఉంటుంది. "ఈ ఊరి ఆవులకును వాటి దూడలకును..." గౌరి గేటు తోస్తుంది. దూడలు అక్కడే ఆగిపోతాయి. "ఆమేన్."

మొదట్లో ఏదో కుదిరిందనుకుంది. రోజూ అదే. గేటు కిర్రుమంటుంది, ఆమేన్ పడుతుంది. అందరికీ అంత దీవెన వడ్డించిన మనిషి తను కనబడగానే గిన్నె బోర్లించేస్తుంది. బొట్టు చూసి ఆపేస్తోందా అనుకుంది. మంగాదేవి బొట్టు తనదానికంటే పెద్దది. ఒంటి మీది జీడి వాసన గిట్టదా అనుకుంది. ఆ వాకిట్లో సగంమంది తల్లులది అదే వాసన. ఇక మిగిలింది తన మొహం.

ఒకరోజు పరీక్ష పెట్టింది. గేటు ముట్టుకోకుండా గోడ పక్కన ఒదిగి నిలబడింది. లోపల ప్రార్థన సాగుతోంది. కుళాయి వచ్చింది, పైపు వచ్చింది, కాంట్రాక్టరు వచ్చాడు. గౌరి మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా నుదురు మాత్రం కనబడేలా చూసింది.

"ఆమేన్" అంది జీవరత్నమ్మ.

గౌరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకంటే రుజువేం కావాలి. తన నుదురు చూసినా ఆవిడ దేవుడికి సెలవు చెప్పేస్తోంది. ఇలాంటి చోట కొడుకుని ఉంచకూడదనుకుంది. ఎక్కడ ఉంచాలో తెలియక ఉంచింది.

ఈలోగా తల్లులంతా ఒక మాట మీదికి వచ్చారు. ప్రార్థన తగ్గించమని అడగాలి. ఎవరు అడగాలన్న దగ్గర ఆగిపోయారు. మిరియం అదే చర్చి మనిషి, ఆదివారం మొహం ఎలా చూపిస్తానంది. మంగాదేవికి సంచి గొడవ ఉంది, కక్షతో అన్నట్టుంటుందంది.

"గౌరి అడగనీ" అంది చివరికి మంగాదేవి. "మనకి ప్రార్థన ఎక్కువై బాధ, దీనికి అసలు అందక బాధ. ఎక్కువ నష్టపోయింది ఇదే."

"నాను మాట్లాడలేనక్కా."

"నువ్వు ముందర నిలబడు చాలు. వెనకాల మేమున్నాం."

వెనకాల ఉంటామన్న మాట నిలబెట్టుకున్నారు. సోమవారం పొద్దున్న గేటు దాటేసరికి అందరూ ఆమె వెనకాలే ఉన్నారు, బాగా వెనకాల. జీవరత్నమ్మ వరండాలో కూచుని ఒక పిల్లాడి ముక్కు తుడుస్తోంది.

"ఏటమ్మా, అందరూ కలిసొచ్చీసినారు. ఎవులికైనా ఒంట్లో బాగోనేదేటి. ప్రార్థన సెయ్యాలా."

తల్లులు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

"వద్దండీ వద్దు" అంది మంగాదేవి కంగారుగా. "ఆ ప్రార్థన గురించే. గౌరి చెప్తుంది."

గౌరి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. మొదట నమస్కారం, తర్వాత పనిపాటల ఇబ్బంది, ఆఖర్న మనవి. అవన్నీ గొంతులో ఒకదాన్నొకటి తోసుకుని, ఎవరూ చెప్పమననిది ముందు బయటపడింది.

"నానొత్తే ఎందుకాపేత్తారు."

జీవరత్నమ్మ చెయ్యి పిల్లాడి ముక్కు మీదే ఆగిపోయింది. "ఏటి ఆపేత్తాను."

"ప్రార్థన. నా తలకాయ కనబడితే సాలు, ఆమేన్ అనీసి లెగిసిపోతారు. నాను దీవెనకి పనికిరానేటి."

గడ్డి కోస్తున్న ఫిలిప్పుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. గడ్డి మోపు అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ పాక వెనక్కి వెళ్ళిపోయాడు. జీవరత్నమ్మ నోరు తెరిచింది. ఏమీ అనకుండా మూసింది. అది ఊళ్ళో ఎవరూ ఎరగని వింత.

ఇదే సందని మంగాదేవి ముందుకొచ్చింది. "అది దాని బాధ. మా అందరి మాటా ఏంటంటే, ఐదింటికి బడి అయిపోతే ఐదుంపావుకి ఆమేన్ అయిపోవాలి. ఇళ్ళకెళ్ళి వండుకోవాలి కదండీ."

"అందరిదీ అదే మాటా."

తలలు ఊగాయి.

"గౌరీ, నీది."

"అందరితోపాటే" అంది గౌరి నేల చూస్తూ.

"ఐదుంపావంటే నువ్వు..." అని మొదలెట్టి, గౌరి వెనక నిలబడ్డ మొహాలన్నిటినీ చూసి, జీవరత్నమ్మ ఆ మాట కూడా మింగేసింది. "సరేనమ్మా. దేవుడి సిత్తం. మంగాదేవమ్మ సిత్తం."

ఆ సాయంత్రం బాలకృష్ణ ఊపిరి బిగబట్టాడు, వదిలాడు, మళ్ళీ చూశాడు. రైలుగేటు దగ్గర గూడ్సు పోయింది. గౌరి సందు మలుపు తిరిగింది. ఆవులు లేవు, దూడలు లేవు, కొబ్బరిచెట్లు లేవు. సందంతా చప్పుడు లేకుండా పడుంది.

ఐదుంపావు ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి గౌరి బుర్రకి అప్పుడు తట్టింది. దాని వెనకే రత్నాలమ్మ ఇంటి మెట్టు తట్టింది. కొంగు బిగించి పరిగెత్తింది. గేటు దగ్గర తల్లుల చెప్పులు ఒక్క జత కూడా లేదు. చెయ్యి వేసి తొయ్యబోతూ ఆగింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

"ప్రబువా, మా మేకని దీవించు. మేక కొమ్ముని దీవించు. రెండో కొమ్ముని కూడా దీవించు. ఉప్మాని దీవించు, అందల మిరపకాయలొద్దు. మంగాదేవి ఆంటీ స్కూటర్ని దీవించు. ఆ స్కూటర్ హారన్ని దీవించు. మళ్ళీ మా మేకని..."

ఖాళీ వరండాలో జీవరత్నమ్మ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని కూచుని ఉంది. ఆవిడ రెండు కళ్ళూ ఒకేసారి మూసుకుని ఉండగా గౌరి చూడడం అదే మొదలు. పక్కన పీట మీద శ్రీకర్. ఒక కన్ను మూయడం వాడికి ఇంకా చేతకాదు, అందుకని ఎడమ కన్నుని వేలితో నొక్కిపట్టుకున్నాడు. కుడి కన్ను గేటు మీద ఉంది.

"...మేక తోకని దీవించు. అమ్మొచ్చీసింది, ఆమేన్."

జీవరత్నమ్మ కళ్ళు తెరిచింది. "ఈడి ప్రార్థనల సరుకు నేదు. మేకని దాటి బయటికి రాడు" అంది.

గౌరి కొడుకు మొహం తడిమి చూసింది. కన్నీటి చార లేదు. "అందరూ ఎల్లిపోనారు కదరా. బెంగెట్టుకున్నావా."

వాడు తల్లిని జాలిగా చూశాడు. "ప్రార్థన అవ్వనేదు కదమ్మా. అది అయ్యేతలికి అందరమ్మలూ వచ్చీత్తారు. నువ్వు రోజూ టయానికే వత్తావు కదా."

గౌరి మెట్టు మీద కూలబడింది. తను గేటు తొయ్యగానే ప్రార్థన ఆగిపోతోందని ఇన్నాళ్ళూ కుమిలింది. తను గేటు తోసేదాకా అది ఆగడం లేదన్న ముక్క, అంత చూసే ఆ కళ్ళకి కనబడలేదు.

"పొద్దున్నే ఎందుకు సెప్పనేదు టీచరమ్మా."

"ఏటని సెప్పను. ఇదిగో, ఈ పిల్ల ఆఖర్నొత్తాది, దీని మూలాన్నే మీ కాళ్ళు నొప్పెడతన్నాయి అని అందరి ముందలా సెప్పమంటావా." జీవరత్నమ్మ లేచి పీట లోపల పెట్టింది. "అయినా నీ ఒక్కదాని గురించే కాదు. నువ్వు సేరకముందు రోజుకొకలు. ఆఖర్న ఒక్క గుంటడు మిగిలిపోతే ఆడి మొకం సూడలేం. పాపం ఆడనుకుంటాడు, అందరికీ అమ్మలున్నారు నాకు నేదని. అందరూ కళ్ళు మూసుకుని నిలబడితే ఎవులు ముందొచ్చినారో ఎవులు ఎనకొచ్చినారో ఆడికేటి తెలుత్తాది." గడియ తీస్తూ మళ్ళీ అంది, "దేవుడు ఏటీ అనుకోడు. ఆయనకి మా గోల అలవాటైపోనాది."

మర్నాడు పొద్దున్న గౌరి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క తల్లినీ ఆపింది. ఆమె ఆపడమే వింత కనక అందరూ ఆగారు.

"ఐదుంపావు నాకు కుదరదు" అంది. "రోజూ లేటొచ్చేది నానే. నా గుంటడు ఒక్కడూ ఉండిపోకుండా ఆవిడ లాగుతంది ప్రార్థన."

మంగాదేవి నడుం మీద చెయ్యి వేసుకుంది. "అంటే నీ కోసమా మేము ఇన్నాళ్ళూ కొబ్బరిచెట్లకి ఆమేన్ చెప్పింది."

గౌరి తలూపింది. మొహం ఎర్రబడిపోయింది గాని అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత మిరియం నెమ్మదిగా, "గౌరి ఇంకా సేరకముందు, వర్సాకాలంల నాకు బస్సు తప్పిపోయిన రోజు, నానొచ్చేసరికి ఇంకా ప్రార్థన అవుతంది" అంది. ఇంకొకామెకి అత్తని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. వెతుక్కుంటే అందరి దగ్గరా అలాంటి రోజు ఒకటి దొరికింది. ఆ రోజు తన అదృష్టం బావుందని ఎవరికి వాళ్ళు అనుకున్నారు తప్ప, ఆ అదృష్టం ఒంటి కన్నుతో గేటు వైపు చూస్తోందని ఎవరూ అనుకోలేదు.

"నాకలాంటి రోజేం లేదు" అంది మంగాదేవి. "నేనెప్పుడూ టైముకే వస్తాను. సరే, ఏడవండి. మీ అందరి కోసం నిలబడతాను."

అలా ప్రార్థన మళ్ళీ పాత పొడుగుకి వచ్చింది. కొన్నాళ్ళకి ఫ్యాక్టరీకి గింజలు రాక మధ్యాహ్నమే పని ఆపేశారు. గౌరి మొదటిసారి ఐదుకి ముందే వచ్చి, చెప్పులు విప్పి, అందరితోపాటు వాకిట్లో నిలబడింది. ఇన్నాళ్ళూ దక్కని దీవెన ఈరోజు మొదటినుంచీ వింటానని మురిసింది.

ఆవులు వచ్చాయి, దూడలు వచ్చాయి. కుళాయి వచ్చింది. కాంట్రాక్టరు షుగరు తగ్గిందట, అందుకు వందనములు. ఉద్దానం కొబ్బరిచెట్లు మొదలయ్యేసరికి గౌరి కాళ్ళు పీకడం మొదలెట్టాయి. మనిషి మంచిదని తెలిసినంత మాత్రాన ప్రార్థన పొట్టిదైపోదు. అది నిజంగానే భరించరానిదని, ఇన్నాళ్ళూ దూరం నుంచి విని తను లోపల అనుకున్నది తక్కువేనని గౌరికి అర్థమైంది. పక్కనున్న మిరియం మోచేత్తో పొడిచింది. "ఎవులు రానేదు" అని గొణిగింది గౌరి. మిరియం కనుసైగతో వరండా చూపించింది. అపర్ణ కాళ్ళూపుకుంటూ, ఏ బెంగా లేకుండా, పక్కపిల్ల జడ విప్పుతోంది.

కొబ్బరిచెట్లు అయిపోయాయి. జీవరత్నమ్మకి సరుకు నిండుకున్నట్టుంది, జీడిమామిడి తోటల్లోకి దిగింది. పూతనీ పిందెనీ వేరువేరుగా దీవించింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు గేటు కిర్రుమంది. చెమట్లు కక్కుతూ, టైరు పంక్చరైన స్కూటరు తోసుకుంటూ మంగాదేవి వచ్చింది.

"ఆమేన్."

"ఆమేన్" అన్నారు తల్లులంతా, ఎప్పుడూ లేనంత గట్టిగా.

మంగాదేవి స్కూటరు స్టాండు వేసి చుట్టూ చూసింది. "ఇవాళ తొందరగా అయిపోయిందే. ఎంతైనా ఒకసారి గట్టిగా చెప్తే మార్పొస్తుంది" అంది.

మిరియం తన చెప్పులు వెతుక్కోవడానికి బాగా కిందికి వంగింది.

అందరూ వెళ్ళాక గౌరి మిగిలింది. ఆమె చెప్పుల్లో ఒకటి మేక దగ్గర ఉంది. ఫిలిప్పు దాన్ని మేక నోట్లోంచి లాగి దులిపి ఇచ్చాడు. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్న మాట గౌరి అప్పుడు అడిగింది.

"తాతా, మీ పెళ్ళిల కూర గడ్డకట్టీసిందట, నిజమేనా."

"నిజమే."

"టెక్కలి బస్సు ఎల్లిపోయిందట."

"అదీ నిజమే. మా మావ నడిసి ఎల్లినాడు. సచ్చిపోయేదాకా తిట్టినాడు."

"టీచరమ్మ ఒక కన్ను తెరుసుకునే ఉందట. ఎవులు ముందు తింటారోనని."

ఫిలిప్పు మేకని గుంజకి కట్టాడు. "పందిరి గుమ్మం కేసి సూసింది. టెక్కలి బస్సు సంగతి అందరూ సెప్తారు తల్లీ, డొంకూరు బస్సు సంగతి ఎవులూ సెప్పరు. ఆ రోజు అది సోంపేట దగ్గర సెడిపోనాది. మా అమ్మ అందల ఉంది."